అంబాసిడర్ ముందు అద్దం రబ్బరు: కారేది ఒకచోట, తడిసేది ఇంకోచోట

– హాస్టల్ పూర్వ విద్యార్థిని, ఎం.ఎస్సీ. (రసాయన శాస్త్రం)



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని కబురు వచ్చినప్పుడు చాలా ఆలోచించాను. పోటీ పరీక్షల గురించి, వ్యక్తిత్వ వికాసం గురించి నాకన్నా బాగా రాసేవాళ్లు ఉన్నారు. అందుకే నేను నా చేతులతో చేసి నేర్చుకున్న ఒక పని గురించి రాస్తున్నాను. అది పాత కారు ముందు అద్దం చుట్టూ ఉండే రబ్బరు మార్చే పని. "కెమిస్ట్రీ చదివిన అక్క కారు రబ్బరు గురించి రాసిందేమిటి?" అని నవ్వుకోకండి. చివరిదాకా చదివితే మీ పదో తరగతి భౌతిక, రసాయన శాస్త్రాలు రెండూ ఇందులో కనిపిస్తాయి.

మా బండి సంగతి

మా నాయిన అంబాసిడర్ కారు డ్రైవరు. చాలా ఏళ్లు ఒక యజమాని దగ్గర జీతానికి నడిపాడు. ఆ యజమాని కొత్త కారు కొనుక్కున్నాక పాతది మా నాయినకే తక్కువ ధరకు ఇచ్చాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ – ఈ మూడు ఊళ్ల మధ్యనే మా బండి తిరుగుడు. పెళ్లిళ్లకు, ఆసుపత్రులకు, మిల్లుల దగ్గరికి వడ్ల లెక్కలు చూసుకోను పోయే రైతులకు మా బండే దిక్కు.

అంబాసిడర్ గురించి ఈ తరం పిల్లలకు రెండు మాటలు చెప్పాలి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారు నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో దీన్ని తయారు చేసింది. 1950ల చివర మొదలైన తయారీ 2014 మే నెలలో ఆగిపోయింది. అంటే అర్ధ శతాబ్దానికి పైగా దాదాపు ఒకే ఆకారంలో వచ్చిన కారు ఇది. ఒకప్పుడు మంత్రులు, కలెక్టర్లు ఎక్కిన బండి. మాది మాత్రం సీట్లు చిరిగి, తలుపులు కిర్రుమనే బండి.

నిజం చెప్పాలి. హాస్టల్లో ఉన్నప్పుడు ఆదివారం నాయిన నన్ను చూడటానికి ఆ బండిలో వస్తే నాకు సిగ్గుగా ఉండేది. "గేటు కాడ ఆపకు నాయినా, మలుపు కాడనే ఆపు" అని చెప్పేదాన్ని. ఎందుకని ఆయన ఎన్నడూ అడగలేదు. మలుపు దగ్గరే ఆపి, సంచి పట్టుకొని నడిచి వచ్చేవాడు.

2024 వానాకాలంలో నాకు పీజీ సీటు వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదటిదాన్ని. రిపోర్టు చేయడానికి ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకొని నాయినతో బయలుదేరాను. ఫైలు డ్యాష్‌బోర్డు కింది అరలో పెట్టాను. దారి పొడుగునా వాన. దిగేటప్పుడు ఫైలు తీస్తే నీళ్లు కారుతున్నాయి. పదో తరగతి మెమో ప్లాస్టిక్ కవరులో ఉండి బతికింది. చేత్తో రాసిన టీసీ మీద సిరా అంతా పాకి నీలి మరక అయింది. సంతకం ఎవరిదో తెలియకుండా పోయింది. అండర్‌టేకింగ్ రాసిచ్చి, తర్వాత డూప్లికేటు తెచ్చి ఇచ్చేదాకా సీటు ఉంటుందో పోతుందో అని భయపడ్డాం.

ఆ రాత్రి నాయిన అన్నం ముట్టలేదు. "నా బండే నీ సదువుకు అడ్డం పడ్డదా బిడ్డా" అన్నాడు. ఆ మాటతోనే ఈ పని మొదలైంది.

అద్దం రబ్బరు చేసే పని

పాత కార్ల ముందు అద్దం నేరుగా రేకును తాకదు. అద్దానికీ, బాడీ రేకు అంచుకూ మధ్య ఒక లావు రబ్బరు ఉంటుంది. ఆ రబ్బరును అడ్డంగా కోసి చూస్తే రెండు గాళ్లు కనిపిస్తాయి. ఒక గాడిలో అద్దం అంచు కూర్చుంటుంది. రెండో గాడిలో రేకు అంచు కూర్చుంటుంది. కొన్ని రబ్బర్లకు బయటివైపు మూడో గాడి కూడా ఉంటుంది. అందులో బీడింగు దూరుస్తారు. బీడింగు అందం కోసమే అనుకుంటాం గాని, అది లోపల చీలలాగా బిగిసి రబ్బరు పెదవులను అద్దం మీదికి, రేకు మీదికి నొక్కి పెడుతుంది.

రబ్బరు మూడు పనులు చేస్తుంది: అద్దాన్ని పట్టి ఉంచుతుంది, గుంతల్లో బండి ఊగినప్పుడు ఆ ఒత్తిడి అద్దానికి తగలకుండా మింగుతుంది, నీళ్లను ఆపుతుంది. ఈ మూడింటికీ అది మెత్తగా, సాగే గుణంతో ఉండాలి.

రబ్బరు ఎందుకు చెడిపోతుంది?

సహజ రబ్బరు పాలీఐసోప్రీన్ అనే పొడవాటి గొలుసు అణువు. పచ్చి రబ్బరు ఎండకు జిగురవుతుంది, చలికి పెళుసవుతుంది. దానికి గంధకం కలిపి వేడి చేస్తే గొలుసుల మధ్య గంధకపు వంతెనలు ఏర్పడి గట్టిపడుతుందని 1839లో అమెరికాకు చెందిన చార్లెస్ గుడ్‌ఇయర్ కనుగొన్నాడు. దీన్నే వల్కనీకరణం అంటాం.

అయినా సహజ రబ్బరు గొలుసుల్లో ద్విబంధాలు మిగిలే ఉంటాయి. గాలిలో కొద్దిపాటి ఓజోను ఆ ద్విబంధాల మీద దాడి చేసి గొలుసులను తెంపుతుంది. అందుకే సాగి ఉన్నచోట, అంటే మూలల్లో, రబ్బరు ముందుగా పగుళ్లు తీస్తుంది. దానికి తోడు మన జిల్లాల ఎండ 40 డిగ్రీలు దాటి 45 దాకా పోతుంది. వేడికి, అతినీలలోహిత కిరణాలకు రబ్బరు గట్టిపడి కుంచించుకుపోతుంది. పాత రబ్బరును గోటితో నొక్కి చూడండి. గుంట పడి మళ్లీ లేస్తే ప్రాణం ఉన్నట్టు. చెక్కలాగా ఉంటే అయిపోయినట్టు.

ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరులో ప్రధాన గొలుసులో ద్విబంధాలు ఉండవు. అందువల్ల ఓజోనుకు, ఎండకు అది ఎక్కువ కాలం తట్టుకుంటుంది. కొనేటప్పుడు ఈపీడీఎం రబ్బరు ఉందా అని అడగాలి. అయితే ఈపీడీఎంకు పెట్రోలు, డీజిలు, ఇంజనాయిలు, గ్రీజు పడవు. వాటిని రాస్తే ఉబ్బి పాడవుతుంది.

వెనిగర్ వాసన

మా బండికి అంతకుముందు ఒకచోట రిపేరు చేయించాం. రబ్బరు తీయకుండానే దాని అంచు చుట్టూ ట్యూబులోని సిలికాన్ పూశారు. నెల రోజులు బాగానే ఉంది. తర్వాత మళ్లీ కారింది, మునుపటికన్నా ఎక్కువగా.

ఎందుకో నాకు ల్యాబులో తెలిసింది. మామూలు సిలికాన్ రకాల్లో ఒకటి ఆరేటప్పుడు పుల్లటి వెనిగర్ వాసన వస్తుంది. అది అసిటిక్ ఆమ్లం. ఆమ్లం ఇనుప రేకుకు తగిలితే జంగు త్వరగా పడుతుంది. పైగా పూత పైదారిని మూసింది గాని, లోపలికి అప్పటికే చేరిన నీరు బయటికి పోయే దారిని కూడా మూసింది. నీరు లోపలే నిలిచి రేకును తిన్నది. జంగు ఇనుముకన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అది ఉబ్బి రబ్బరును ఇంకా పైకి లేపింది. పైన పూసిన పూత రోగాన్ని దాచింది, నయం చేయలేదు.

కారే చోటు కనిపెట్టడం

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. నీళ్లు కనిపించిన చోటే కారుతున్నదని అనుకోవద్దు. మా బండిలో తడిసింది ఎడమవైపు డ్యాష్‌బోర్డు అర. కారింది మాత్రం కుడివైపు పైమూల. అక్కడ దూరిన నీరు రబ్బరు లోపలి గాడి వెంట కిందికి దిగి, అద్దం అడుగున ఎడమకు పారి, జంగు తిన్న రంధ్రం దగ్గర అరలోకి కారింది. సన్నని సందుల్లో నీరు దానంతటదే పాకడాన్ని కేశనాళికీయత అంటారు. కారు వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి ఒత్తిడి కూడా నీటిని లోపలికి తోస్తుంది. ఆగి ఉన్న బండి కారకుండా, నడిచే బండి కారడానికి ఇదే కారణం.

పరీక్ష చేసే పద్ధతి: లోపల అద్దం అంచు వెంట పాత న్యూస్ పేపరు ముక్కలు అంటించాలి. ఒకరు లోపల టార్చిలైటుతో కూర్చోవాలి. ఇంకొకరు బయట నుంచి పైపుతో నెమ్మదిగా నీళ్లు వదలాలి. ముందు అడుగు అంచున, తర్వాత పక్కలకు, చివరికి పైఅంచున. మొదట పైన పోస్తే నీరు అన్నిచోట్లకూ దిగి ఏదీ తేలదు. ఏ కాగితం ముందు తడుస్తుందో చూసి సుద్దముక్కతో గుర్తు పెట్టాలి.

కావలసిన సామాను

కొత్త రబ్బరు, పదునైన బ్లేడు కత్తి, నున్నని నైలాన్ తాడు (సుమారు 4–5 మిల్లీమీటర్ల లావు, అద్దం చుట్టుకొలతకన్నా ఒక మీటరు ఎక్కువ), సబ్బు నీళ్లు, ఎమరీ కాగితం, వైరు బ్రష్, రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, రంగు, గట్టిపడని నల్ల సీలెంటు, చెక్క లేదా ప్లాస్టిక్ చెంచా, పాత దుప్పట్లు, చేతి తొడుగులు, కళ్లద్దాలు. ఇద్దరు మనుషులు తప్పనిసరి.

రబ్బరు కోసం సూర్యాపేటలో, మిర్యాలగూడలో అడిగాం. దొరకలేదు. కోదాడలో ఒకాయన "విజయవాడ ఆటోనగర్ పోండ్రి" అన్నాడు. నాయిన బస్సెక్కి పోయి రెండు మూడు దుకాణాలు తిరిగి పట్టుకొచ్చాడు. పాత రబ్బరు ముక్క కోసి వెంట తీసుకుపోవడం మేలైంది. గాళ్ల లోతు, వెడల్పు పోల్చి చూసి తెచ్చాడు.

చేసే విధానం

1. వైపర్లు, లోపలి అద్దం విప్పాలి. బానెట్ మీద, డ్యాష్‌బోర్డు మీద దుప్పట్లు కప్పాలి.

2. బీడింగు ఉంటే ఒక చివర నుంచి మెల్లగా లాగి తీయాలి. పాత రబ్బరు బయటి పెదవిని కత్తితో చుట్టూ కోసేయాలి. పాత రబ్బరును కాపాడాలని పేచ్‌కస్ దూర్చి లేపితే అద్దం పగులుతుంది. అద్దానికి బలహీనమైన చోటు దాని అంచే.

3. ఒకరు లోపల నుంచి పైమూలల దగ్గర అరచేతులతో నెమ్మదిగా తోయాలి, ఇంకొకరు బయట పట్టుకోవాలి. తీసిన అద్దాన్ని దుప్పటి మీద పెట్టాలి, నేల మీద కాదు.

4. అద్దం మూలన ఉన్న ముద్ర చూడండి. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 100వ నిబంధన ప్రకారం కారు అద్దాలు సేఫ్టీ గ్లాసువి లేదా సేఫ్టీ గ్లేజింగువి అయి ఉండాలి. తర్వాత కొత్త బండ్ల ముందు అద్దానికి లామినేటెడ్ గ్లాసు తప్పనిసరి అయింది. ఇందులో రెండు గాజు పొరల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది. పగిలినా ముక్కలు మొహం మీద పడవు. అంచుల వెంట పాలలాగా తెల్లబడి ఉంటే పొరల మధ్యకు తడి చేరిందని అర్థం.

5. ఇప్పుడు రేకు అంచు. ఈ పనికే ఎక్కువ సమయం ఇవ్వాలి. పాత జిగురు, సిలికాన్ మొత్తం గీకాలి. జంగును వైరు బ్రష్‌తో, ఎమరీతో మెరిసే రేకు కనిపించేదాకా రుద్దాలి. రంధ్రాలుంటే టింకరింగ్ చేసేవారితో రేకు అతికించుకోవాలి. తర్వాత ప్రైమర్, రంగు వేసి కనీసం ఒక రోజంతా ఆరనివ్వాలి.

6. కొత్త రబ్బరును కాసేపు ఎండలో పెడితే మెత్తబడుతుంది. దాన్ని అద్దం చుట్టూ తొడగాలి. అతుకు వేసే రకమైతే సాగదీసి కోయవద్దు. ఒక సెంటీమీటరు ఎక్కువే ఉంచి ఒత్తి కూర్చోబెట్టాలి. సాగదీసిన రబ్బరు కొన్నాళ్లకు ముడుచుకుని అతుకు దగ్గర నోరు తెరుస్తుంది.

7. రేకు కూర్చునే గాడిలో చుట్టూ తాడు పెట్టాలి. రెండు కొసలు అడుగున మధ్యలో ఒకదాని మీద ఒకటి దాటి, జానెడు జానెడు లోపలివైపుకు వేలాడాలి. గాడికి, రేకు అంచుకు సబ్బు నీళ్లు బాగా రాయాలి.

8. ఇద్దరూ కలిసి అద్దాన్ని బయట నుంచి చోటులో సరిగ్గా మధ్యకు ఉంచాలి. ఒకరు బయట అరచేత్తో ఒత్తుతూ, తడుతూ ఉండాలి. ఒకరు లోపల కూర్చొని తాడు కొసను నెమ్మదిగా లాగాలి. తాడు బయటికి వస్తున్న కొద్దీ రబ్బరు లోపలి పెదవి రేకు అంచును దాటి లోపలికి వచ్చి కూర్చుంటుంది. ముందు అడుగు, తర్వాత రెండు పక్కలు, చివరికి పైఅంచు. బయట ఎక్కడ ఒత్తుతున్నారో లోపల అక్కడే లాగాలి.

9. రబ్బరు పెదవి కింద, అద్దంవైపు, రేకువైపు పలచగా సీలెంటు పట్టించాలి. ఎక్కువైనది తుడిచేయాలి. బీడింగు ఉంటే సబ్బు నీళ్లతో జారేటట్టు చేసి దూర్చాలి. రెండు రోజుల తర్వాత మళ్లీ కాగితాల పరీక్ష చేయాలి.

మేము చేసిన తప్పులు

2025 సంక్రాంతి సెలవుల్లో ఈ పని పెట్టుకున్నాం. మొదట నాయిన నన్ను దగ్గరికి రానీయలేదు. "సదువుకున్న బిడ్డవు, చేతులు ఖరాబు చేసుకోకు" అన్నాడు. "ల్యాబులో రోజూ యాసిడ్‌తోనే కదా నా పని" అని నేనే లోపల కూర్చొని తాడు పట్టాను.

మొదటిసారి ఇంట్లో ఉన్న సుతిలి తాడు వాడాం. సగం దూరం వచ్చి పుటుక్కున తెగింది. అద్దం మళ్లీ తీయాల్సి వచ్చింది. రెండోసారి నైలాన్ తాడు తెచ్చాం. నేను తొందరపడి గుంజుతుంటే నాయిన బయట నుంచి అద్దం మీద వేలితో కొట్టి ఆపమన్నాడు. "గుంజుడు కాదు బిడ్డా, అది ఎటు వస్తున్నదో అటు పో" అన్నాడు. తాడును నేను నా మీదికి లాగుతున్నాను. దాన్ని అద్దానికి సమాంతరంగా, అద్దం మధ్యవైపుకు లాగాలట. అట్లా లాగితే రబ్బరు పెదవి తిరగబడి సులువుగా వచ్చింది. ఈ సంగతి నా పుస్తకాల్లో లేదు. ఒకప్పుడు లారీ షెడ్డులో చూసి నేర్చుకున్నానని అప్పుడు చెప్పాడు.

నేనూ ఒకటి చెప్పగలిగాను. నాయిన జారుడు కోసం గ్రీజు డబ్బా తీస్తే వద్దన్నాను. ఈపీడీఎం గొలుసులు, గ్రీజులోని నూనె రెండూ హైడ్రోకార్బన్లే, ఒకదానిలో ఒకటి కలిసి రబ్బరు ఉబ్బుతుందని చెప్పాను. ఆయనకు హైడ్రోకార్బన్ అంటే తెలియదు. "ఓహో, అందుకేనా లారీ రబ్బర్లు పిసపిస అయ్యేది" అన్నాడు. ఆయన చూసినదానికి నా దగ్గర కారణం ఉంది, నేను చదివినదానికి ఆయన దగ్గర ఉదాహరణ ఉంది.

పరీక్షలో కుడి అడుగుమూల కాగితం కొద్దిగా తడిసింది. అక్కడ సీలెంటు తక్కువైంది. రబ్బరు పెదవిని చెక్క చెంచాతో లేపి మళ్లీ పట్టించాం. తర్వాత అన్ని కాగితాలూ పొడిగా ఉన్నాయి.

ఒక హెచ్చరిక

ఈ పద్ధతి రబ్బరు గాడి అద్దాలకే పనికొస్తుంది: అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లు, చాలా లారీలు, బస్సులు, ట్రాక్టరు క్యాబిన్లు. ఇప్పటి కార్ల ముందు అద్దాన్ని పాలీయురేథేన్ జిగురుతో బాడీకి అతికిస్తారు. ఆ అద్దం బండి పైకప్పు బలంలో భాగం. చాలా కార్లలో ప్రమాద సమయంలో ఎయిర్‌బ్యాగు దానికి ఆనుకునే తెరుచుకుంటుంది. అది శిక్షణ ఉన్నవారే చేయాలి. మీరు తాడు పట్టుకొని బయలుదేరవద్దు.

చివరగా

2025 వానాకాలం మొత్తం బండి తిరిగింది. ఒక రాత్రి మా ఊరి నుంచి ఒక గర్భిణిని జోరు వానలో సూర్యాపేట ఆసుపత్రికి తీసుకుపోయాడు నాయిన. మర్నాడు ఫోను చేసి మొదట తల్లీ బిడ్డా క్షేమమని చెప్పాడు. తర్వాత "ఆమె రిపోర్టులు అరలనే పెట్టిన, ఒక్క సుక్క పడలే" అన్నాడు.

మిత్రులారా, మనలో చాలామంది అమ్మానాన్నలకు ఇలాంటి పనులు ఎన్నో వచ్చు. మగ్గం, చెప్పుల పని, మేస్త్రీ పని, నాట్లు, మిల్లులో హమాలీ పని. సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి. వాళ్లు చేసే పనిలో ఒకదాన్ని మొదటి నుంచి చివరిదాకా అడిగి రాసుకోండి. ఎందుకు అట్లా చేస్తారో మీ పాఠ్యపుస్తకంలో వెతకండి. దొరికింది వాళ్లకు చెప్పండి. దొరకనిది మీ సారును అడగండి.

హాస్టల్లో ఇల్లు కారినా, కిటికీ కారినా ఇదే పద్ధతి. తడిసిన గోడకు సున్నం కొట్టేముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడండి.

ఈ వార్షికోత్సవానికి నాయిన, నేను అదే అంబాసిడర్‌లో వస్తున్నాం. బండి గేటు దగ్గరే ఆపుతాం. రబ్బరు చూడాలనుకున్నవాళ్లు రండి. తాడు ఎట్లా లాగాలో మా నాయినే చెబుతాడు.